బడి తెరిచే అర్హత

కొవిడ్ తొలి ఏడాదిలో, 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలలు వచ్చేసరికి, అమెరికాలోని అనేక కతోలిక పాఠశాలలు పిల్లలను తిరిగి తరగతి గదుల్లో కూర్చోబెట్టగా, అదే నగరాల్లోని ప్రభుత్వ పాఠశాలలు చాలావరకు ఆన్‌లైన్ పాఠాలతోనే విద్యా సంవత్సరాన్ని మొదలుపెట్టాయి. కతోలిక పాఠశాలల నిర్ణయం సరైనదే. తగిన ఏర్పాట్లు చేసుకున్న బడిని గంపగుత్త ఉత్తర్వుతో మూయించే అధికారం ఏ ఆరోగ్య శాఖకూ ఉండకూడదు. ఏర్పాట్లు చేసుకోని బడికి మతస్వేచ్ఛ పేరు చెప్పి తెరుచుకునే హక్కూ ఉండకూడదు. ఈ రెండు మాటలనూ ఒకే ఊపిరిలో చెప్పవలసి రావడానికి కారణం, ఆనాటి నుంచి ఒక పక్షం మొదటి మాటనూ, మరో పక్షం రెండో మాటనూ మాత్రమే పట్టుకుని వాదిస్తూ ఉండడమే.

ఈ పాఠశాలల ఆర్థిక స్వరూపం తెలియనిదే ఆనాటి తొందర అర్థం కాదు. అమెరికాలో ఇవి సాధారణంగా మేత్రాసనం పర్యవేక్షణలో, అంటే ఒక పీఠాధిపతి పాలనలోని చర్చి మండలం కింద, నడుస్తాయి. ప్రాథమిక పాఠశాలల్లో ఎక్కువ భాగం ఏదో ఒక విచారణకు, అంటే ఒక గురువు ఆధ్వర్యంలోని స్థానిక విశ్వాసుల సమాజానికి, అనుబంధంగా ఉంటాయి. అక్కడి ఉపాధ్యాయులకు జీతాలు ప్రభుత్వ ఖజానా నుంచి నేరుగా రావు కాబట్టి పిల్లల ఫీజులు, ఆదివారం దివ్యబలిపూజలో విశ్వాసులు సమర్పించే కానుకలు, దాతల విరాళాలే వారికి ప్రధాన ఆధారం. 2020 మార్చిలో చర్చిలు మూతపడగానే కానుకలు పడిపోయాయి, ఉద్యోగాలు పోయిన తల్లిదండ్రులు ఫీజులు కట్టలేకపోయారు. 2019-20 విద్యా సంవత్సరం ముగిశాక కనీసం 209 పాఠశాలలు శాశ్వతంగా మూతపడడమో, మరో పాఠశాలలో విలీనం కావడమో జరిగింది; తరువాతి ఏడాది విద్యార్థుల సంఖ్య దేశవ్యాప్తంగా 6.4 శాతం తగ్గి 16 లక్షల పైచిలుకుకు దిగింది. 1960ల తొలినాళ్లలో 52 లక్షల మంది చదివిన వ్యవస్థ అది. మూతపడినవాటిలో నగరాల పేద పేటల్లోని బడులు చాలా ఉన్నాయి. ఈ ఏడాది తెరవకపోతే ఇక ఎన్నటికీ తెరవలేమేమోనన్న భయం నిర్వాహకులను వెంటాడింది. ఆ భయంలో నిజం ఉన్నప్పటికీ, పిల్లల ప్రాణాలతో ముడిపడిన నిర్ణయానికి డబ్బు అవసరం ఒక్కటే సమర్థన కాజాలదు కాబట్టి, తెరిచిన బడులు లోపల ఏం చేశాయన్నదే తీర్పుకు ఆధారం కావాలి.

షికాగో అగ్రపీఠం, అంటే పరిసర మేత్రాసనాలకు పెద్దదిక్కుగా ఉండే పీఠం, నడిపిన బడులను ఇందుకు పరిశీలించవచ్చు. అక్కడ ప్రతి తరగతినీ ఒక విడి జట్టుగా చూశారు. కోహోర్ట్ అని పిలిచే ఈ పద్ధతిలో ఒక గదిలోని పిల్లలు రోజంతా తమలో తామే మెలగుతారు తప్ప ఆటస్థలంలో గాని, నడవాలో గాని, భోజనాల దగ్గర గాని మరో తరగతి పిల్లలతో కలవరు. గది మారవలసి వస్తే పిల్లలు కాక ఉపాధ్యాయులే మారతారు. గుమ్మం దగ్గర జ్వరం చూసేవారు, లోపల అందరూ మాస్కు పెట్టుకునేవారు, మధ్యాహ్నం ఎవరి బల్ల దగ్గర వారే తినేవారు. ఒక పిల్లవాడికి వైరస్ సోకితే బడి మొత్తాన్ని మూసే బదులు ఆ ఒక్క జట్టును 14 రోజులు ఇంటి దగ్గర ఉంచేవారు. వ్యాధి సోకినవారితో ఎవరెవరు మెలిగారో వెతికి పట్టుకునే, ఎంతో శ్రమతో కూడిన పని దీనివల్ల సగం తీరిపోయింది, ఎందుకంటే ఆ పిల్లవాడు ఎవరెవరితో గడిపాడో హాజరు పట్టీయే చెప్పేది.

ఫలితాన్ని లెక్కించింది చర్చి కాదు, నగర ప్రజారోగ్య శాఖ. షికాగో నగరంలోని సుమారు 90 కతోలిక పాఠశాలలను, 20 వేలకు చేరువగా ఉన్న వాటి విద్యార్థులను పరిశీలించి, ఆ పిల్లల్లో వ్యాధి సోకినవారి శాతం నగరంలోని మొత్తం పిల్లల శాతంతో పోలిస్తే సుమారు సగమేనని అది తేల్చింది. లక్షణాలు కనిపించని పిల్లలకు పరీక్షలు జరగకపోవచ్చు, ఫీజు కట్టగలిగిన కుటుంబాల జీవన పరిస్థితులు వేరుగా ఉండవచ్చు. కాబట్టి ఆ లెక్కను బడికి వస్తే వ్యాధి రాదన్నదానికి రుజువుగా చూపడం అతిశయోక్తి అవుతుంది. అయితే బడి తెరిస్తే పేటంతా వ్యాధి అంటుకుంటుందన్న వాదన నిలవదని చెప్పడానికి మాత్రం అది చాలు. షికాగో ప్రభుత్వ పాఠశాలల చిన్న తరగతులు 2021 జనవరి, మార్చి నెలల మధ్యనే, అదీ ఉపాధ్యాయ సంఘంతో సుదీర్ఘ వివాదం తరువాతనే, తెరుచుకోగలిగాయి. ఆ నెలల నష్టాన్ని ఎక్కువగా భరించింది ఇంట్లో విడి గది, మంచి ఇంటర్నెట్, పక్కన కూర్చుని చెప్పే పెద్దలు లేని పిల్లలు. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారిలో న్యూయార్క్, షికాగో నగరాలు బడులను తెరిచే ఉంచి, ఇరుకు ఇళ్లలోకన్నా రోజూ నర్సు చూసే బడిలోనే పేద పిల్లలు క్షేమమని భావించిన సంగతిని 2020 నాటి అధికారులు గుర్తు చేసుకుని ఉంటే బాగుండేది.

ఏర్పాట్లన్నీ సమానంగా పనిచేశాయని చెప్పలేం. తొలి నెలల్లో బల్లలు, తలుపు పిడులు తుడవడానికి అంతులేని శ్రమ, రసాయనాలు ఖర్చయ్యాయి. వైరస్ గాలి ద్వారా కూడా, అంటే మాట్లాడేటప్పుడు, పాడేటప్పుడు వెలువడి గదిలో చాలాసేపు తేలియాడే సూక్ష్మ తుంపరల ద్వారా కూడా వ్యాపిస్తుందని 2020 జులైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాసినా, ఆరోగ్య సంస్థలు ఆ సంగతిని మెల్లగా, అయిష్టంగానే ఒప్పుకున్నాయి. పాత కతోలిక బడి భవనాల్లో చాలావాటికి యంత్రాలతో గాలి మార్చే వసతి లేదు గాని, తెరుచుకునే పెద్ద కిటికీలు ఉన్నాయి. చలికాలంలో కోట్లు వేసుకుని, కిటికీ ఒక జానెడు తెరిచి పాఠం విన్న తరగతి గది, రోజుకు మూడుసార్లు రసాయనంతో కడిగి కిటికీలు బిగించిన గదికన్నా భద్రమైనది. గదిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో కొలిచే చిన్న పరికరం ఒకటి గోడకు ఉంటే, పిల్లలు వదిలిన గాలి ఎంతవరకు బయటికి పోతున్నదో తెలుస్తుంది. ఆ అంకె గాలిలోని ప్రతి పది లక్షల భాగాలకు 800 దాటితే కిటికీ తెరవాలని లేదా గది ఖాళీ చేయాలని అర్థం. బడి తెరవడానికి అనుమతి ఇచ్చే అధికారి మొదట చూడవలసింది ఆ అంకెనే.

కతోలిక బడి దినచర్యలో ప్రార్థన అంతర్భాగం. తీర్థజలం పాత్రలు ఖాళీ చేశారు, పూజలో ఒకరికొకరు చేయి కలిపి శాంతి చెప్పుకోవడం ఆగింది, బృందగానం ఆగింది, దివ్యసత్ప్రసాదాన్ని, అంటే పూజలో ఇచ్చే పవిత్ర రొట్టెను, చాలాచోట్ల అరచేతిలోనే ఇచ్చారు. భక్తులైన కుటుంబాలకు ఇవి చిన్న త్యాగాలు కావు, అయినా విశ్వాసం దెబ్బతిన్నదని పీఠాధిపతుల్లో అత్యధికులు అనలేదు. అందుకే మిచిగన్ రాష్ట్రం లాన్సింగ్‌లోని ఒక కతోలిక ప్రాథమిక పాఠశాల, ముఖం దేవుని పోలికకు గుర్తు కాబట్టి పిల్లల ముఖాలకు మాస్కు వేయించే నియమం తమ విశ్వాసానికి విరుద్ధమంటూ 2020 అక్టోబరులో కోర్టుకెక్కడం విచారకరం. ఆ నియమం అన్ని బడులకూ సమానంగా వర్తించేది కావడంతో ఫెడరల్ జిల్లా కోర్టు దానిపై స్టే ఇవ్వలేదు. అది న్యాయమైన నిర్ణయం. మతాన్ని ఆరోగ్య నియమానికి అడ్డుగోడగా నిలబెడితే, అన్ని నియమాలూ పాటించి తెరిచిన వేలాది బడుల పట్ల కూడా ప్రజల్లో అనుమానం రేగుతుంది.

దీనికి సరిగ్గా ఎదురు తప్పును అధికారులు చేశారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని డేన్ కౌంటీ ఆరోగ్య శాఖ 2020 ఆగస్టు 21న, శుక్రవారం నాడు, 3 నుంచి 12 తరగతుల వరకు ప్రభుత్వ, ప్రైవేటు బడులేవీ ప్రత్యక్ష తరగతులు నడపరాదని ఉత్తర్వు ఇచ్చింది. సోమవారం నుంచే అది అమలు. ఆ సోమవారమే పిల్లలను పిలుచుకోవడానికి కొన్ని బడులు వేసవంతా బల్లలు దూరం జరిపి, తరగతులను విడదీసి, డబ్బు ఖర్చు పెట్టి సిద్ధమై ఉన్నాయి. కతోలిక పాఠశాలలు, తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లగా, రాష్ట్ర సుప్రీంకోర్టు సెప్టెంబరు 10న ఉత్తర్వును నిలిపివేసి, 2021 జూన్‌లో 4-3 మెజారిటీతో అది చెల్లదని తీర్పు చెప్పింది. అంతకుముందే మేరీల్యాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీలో ప్రైవేటు బడులను అక్టోబరు దాకా తెరవరాదన్న ఆరోగ్యాధికారి ఉత్తర్వును గవర్నర్ అడ్డుకోగా, కొద్ది రోజుల్లోనే దాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది. ఈ ఉత్తర్వుల్లో లోపం కఠినత్వం కాదు. ఒక్క బడిలోనూ అడుగుపెట్టి చూడకుండా, సిద్ధమైనవాటినీ కానివాటినీ ఒకే గాటన కట్టడమే లోపం.

కతోలిక పాఠశాలల విజయగాథలో అందరూ దాటవేసే అంశం ఉపాధ్యాయుల స్థితి. ప్రభుత్వ బడి ఉపాధ్యాయుడు సంఘం ద్వారా తన భయాన్ని చెప్పగలిగాడు. ఆ గొంతు కొన్నిచోట్ల బడులను అవసరానికి మించి మూసి ఉంచిందన్న విమర్శ సబబే. కతోలిక బడుల్లో అత్యధిక భాగంలో ఆ గొంతే లేదు. చర్చి నడిపే బడుల ఉపాధ్యాయులకు జాతీయ కార్మిక సంబంధాల చట్టం వర్తించదని, షికాగో పీఠాధిపతి కక్షిదారుగా ఉన్న కేసులోనే, అమెరికా సుప్రీంకోర్టు 1979లో చెప్పింది. కాబట్టి సంఘాన్ని గుర్తించాలో లేదో యాజమాన్యం దయ. బడులు తెరవడానికి కొద్ది వారాల ముందు, 2020 జులై 8న, అదే కోర్టు లాస్ ఏంజెలెస్ ప్రాంతపు రెండు కతోలిక పాఠశాలల కేసుల్లో మరో అడుగు వేసింది. వయసు కారణంగా తొలగించారని ఒక ఉపాధ్యాయురాలు, క్యాన్సర్ చికిత్సకు సెలవు అడిగిన తరువాత తొలగించారని మరొక ఉపాధ్యాయురాలు వేసిన దావాలవి. మత బోధన కూడా చేసే ఉపాధ్యాయుల నియామకం, తొలగింపు చర్చి అంతర్గత విషయమని, ఉద్యోగ వివక్ష చట్టాలు అక్కడ ప్రవేశించలేవని 7-2 మెజారిటీతో తీర్పు వచ్చింది.

ఆ ఆగస్టులో తరగతి గదిలోకి అడుగుపెట్టవలసిన అరవై ఏళ్ల ఉపాధ్యాయురాలికి, మధుమేహం ఉన్న ఉపాధ్యాయుడికి ఈ తీర్పులు ఎలా వినిపించి ఉంటాయో ఊహించవచ్చు. వారిలో చాలామంది ఎదుట కూర్చున్న పిల్లలకూ, ఇంటి నుంచి తెర మీద కనిపించే పిల్లలకూ ఒకేసారి పాఠం చెప్పారు. జీతం మాత్రం ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులకన్నా తక్కువ. బడులు తెరుచుకున్నాయంటే అది పీఠాధిపతుల ధైర్యం వల్ల కన్నా వీరి ఓర్పు వల్లనే. కార్మికులు సంఘంగా ఏర్పడే హక్కు సహజమైనదని 1891లోనే పదమూడవ లియో పోపు విశ్వలేఖ ద్వారా ప్రకటించిన చర్చి, తన బడుల్లోనే ఆ హక్కును చట్టపు మినహాయింపుల చాటున దాచుకోవడం తగదు. బడి తెరిచే ప్రణాళిక మీద ఉపాధ్యాయ ప్రతినిధుల సంతకం ఉండాలి, అనారోగ్యం ఉన్నవారికి జీతం కోత లేకుండా దూరబోధన అవకాశం లిఖితపూర్వకంగా ఇవ్వాలి. ఇవి లేని ప్రణాళికను భద్రమైనదని ఒప్పుకోరాదు.

చదువుల లెక్క కూడా తెరిచినవారి పక్షానే ఉంది. 2022లో జరిగిన జాతీయ విద్యా ప్రగతి పరీక్షలో 4వ తరగతి పఠనంలో ప్రభుత్వ బడుల సగటు 2019తో పోలిస్తే 3 పాయింట్లు తగ్గగా, కతోలిక బడుల సగటులో గణనీయమైన మార్పు లేదు. 2021-22లో ఆ బడుల్లో విద్యార్థుల సంఖ్య 3.8 శాతం పెరిగింది. తెరిచిన బడిని తల్లిదండ్రులు వెతుక్కుంటూ వచ్చారు.

తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చ పరాయిది కాదు. ఇక్కడి మేత్రాసనాల నుంచి వెళ్లిన గురువులు అమెరికా విచారణల్లో సేవ చేస్తున్నారు. ఇక్కడ ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) బడుల నుంచి నగరాల కాన్వెంట్ల వరకు లక్షలాది హిందూ, ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పిల్లలు కతోలిక సంస్థల్లో చదివారు, చదువుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2న 9, 10 తరగతులు మొదలైన మూడు రోజుల్లో 262 మంది విద్యార్థులకు కొవిడ్ తేలిందన్న వార్త కలకలం రేపింది, హాజరైనవారు దాదాపు 4 లక్షలన్న సంగతి మాత్రం శీర్షికల్లోకి ఎక్కలేదు. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న పై తరగతులు మొదలై, మార్చి 24 నుంచి మళ్లీ మూతపడ్డాయి. ఆ ఏప్రిల్‌లో జీవనాధారం కోల్పోయిన ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వవలసిన పరిస్థితి రాష్ట్ర ప్రభుత్వానికి ఏర్పడింది. రెండు రాష్ట్రాల్లోనూ ఉత్తర్వులు తరగతుల వారీగా వచ్చాయి తప్ప బడి వారీగా రాలేదు: చెట్ల కింద పాఠం చెప్పగల విశాలమైన ఆవరణ ఉన్న పల్లె బడికీ, అపార్ట్‌మెంటులో కిటికీ లేని గదుల్లో నడిచే నగరపు బడికీ ఒకే రోజు తెరుపు, ఒకే రోజు మూత.

వచ్చే మహమ్మారికి ఈ పద్ధతి కొనసాగరాదు. విద్యా శాఖలు ఇప్పుడే ఒక ముసాయిదా సిద్ధం చేసి, గాలి కొలత, తరగతి జట్ల పట్టిక, ఉపాధ్యాయుల సమ్మతి పత్రం చూపిన ప్రతి బడికీ, యాజమాన్యం ఏ మతానిదైనా, మండల స్థాయి తనిఖీ తరువాత వారం లోపల అనుమతి లభించేలా, చూపలేని బడికి ఎవరి సిఫారసుతోనూ లభించకుండా నియమం చేయాలి. గాలి వసతి లేని పేద బడులకు, ప్రభుత్వానివైనా చర్చివైనా, ఫ్యాన్లు, కిటికీలు, కొలత పరికరాలు పెట్టించే ఖర్చును ప్రభుత్వమే భరించాలి, ఎందుకంటే అక్కడ ఊపిరి పీల్చేది పిల్లలు. మేత్రాసన విద్యా కార్యాలయాలు ఆ ముసాయిదా కోసం ఎదురుచూడకుండా, తమ బడుల్లో ఏ గదికి ఎన్ని కిటికీలు తెరుచుకుంటాయో, ఏ ఉపాధ్యాయులకు ఆరోగ్య రీత్యా దూరబోధన అవసరమవుతుందో ఈ విద్యా సంవత్సరంలోనే జాబితా రాసుకుని తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించాలి.