ఆ విశేషణం పీకేయండి

డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్ పేరు రాయాలంటే ముందు ‘వివాదాస్పద’ అని అంటించడం మన పత్రికలకు అలవాటైపోయింది. ఎవరితో వివాదం? ఆయన కెమెరా పట్టుకుని వీధుల్లోకి వెళ్లాడు, జనం చెప్పింది విన్నాడు, చూపించాడు. గొడవకు దిగింది అడ్డుపడ్డవాళ్లు. కోర్టుల్లో ఓడిందీ వాళ్లే.

‘ఫాదర్, సన్ అండ్ హోలీ వార్’కు రెండు జాతీయ అవార్డులిచ్చింది ప్రభుత్వం. దాన్ని వెయ్యనని మొండికేసింది ప్రభుత్వ దూరదర్శన్. 1995 నాటి సినిమాకు 2006లో సుప్రీంకోర్టు చెబితే గాని దారి దొరకలేదు. పదకొండేళ్లు! అణ్వాయుధాల మీద తీసిన ‘వార్ అండ్ పీస్’కు సెన్సార్ బోర్డు 21 కత్తిరింపులు చెప్పింది. ఒక్కటీ అక్కర్లేదని 2003లో బొంబాయి హైకోర్టు తేల్చింది. గెలిచాడు, నిజమే. కానీ వకీళ్ల చుట్టూ, వాయిదాల చుట్టూ తిరిగిన ఏళ్లను ఏ తీర్పు తిరిగిస్తుంది? నిర్మాతా ఆయనే, దర్శకుడూ ఆయనే, కెమెరా, ఎడిటింగూ ఆయనే. మనిషి కోర్టులో కూర్చుంటే పని ఆగినట్టే.

ఆ మనిషి కాలం ఎంత విలువైందో చూడండి. 1985 నాటి ‘బాంబే అవర్ సిటీ’లో విలాస్ ఘోగ్రే అనే దళిత గాయకుడు పాడతాడు. 1997 జులైలో ముంబై రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. భగ్గుమని రోడ్డెక్కిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి పది మందిని చంపారు. అది తట్టుకోలేక ఘోగ్రే ప్రాణం తీసుకున్నాడు. ఆగిపోయిన ఆ గొంతు కోసం పట్వర్ధన్ పద్నాలుగేళ్లు బస్తీలు తిరిగాడు, పాటలు పోగేశాడు, కేసులు ఎటు పోతున్నాయో కనిపెట్టుకుని ఉన్నాడు. 2011లో ‘జై భీమ్ కామ్రేడ్’ వచ్చింది. అంత ఓపికున్న మనిషిని మనం కోర్టు వరండాల్లో నిలబెట్టాం.

మనం అంటే మనమే. 2019 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, అయోధ్య ఉద్యమం మీద ఆయన తీసిన ‘రామ్ కే నామ్’ వేసిన విద్యార్థులను పోలీసులు పట్టుకెళ్లారు. 2024 జనవరిలో హైదరాబాద్‌లోని సైనిక్‌పురిలో అదే సినిమా నడుస్తుండగా కొందరు వచ్చి ఆపించారు. పోలీసులు అరెస్టు చేసింది ఆపించినవాళ్లను కాదు, ప్రదర్శన పెట్టినవాళ్లను! సెన్సార్ బోర్డు నుంచి ‘యు’ సర్టిఫికెట్, ఆపైన జాతీయ అవార్డు పొందిన సినిమా అది. కోర్టుకెక్కాక దూరదర్శన్‌లో దేశమంతా వచ్చిన సినిమా.

డెస్కుల్లో కూర్చున్న మిత్రులారా, ఈసారి ఆ సినిమా గురించి రాసేటప్పుడు ‘వివాదాస్పద’ కొట్టేసి ‘యు సర్టిఫికెట్ పొందిన’ అని రాయండి. మూడు మాటలు. అచ్చమైన నిజం.