సగం చదివిన లెక్కతో చిన్న హోటళ్లకు సలహాలు

చిన్న హోటల్ పెట్టిన ప్రతి ఒక్కరికీ ఈ రోజుల్లో దొరికే సలహా ఒక్కటే: ఆన్‌లైన్‌లో కనపడాలి. ఎలాగని అడిగితే ఫుడ్ వ్లాగర్‌ని పిలిపించమంటారు, రీల్ చేయించమంటారు, ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు డబ్బులు పెట్టి దాన్ని బూస్ట్ చేయించమంటారు. మార్కెటింగ్ ఏజెన్సీల వాళ్లు చెప్పేదీ, వ్యాపార శిక్షణ తరగతుల్లో వినిపించేదీ ఇదే. మెస్సులు, టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు నడుపుకొనేవాళ్లకు ఇంతకంటే చెడ్డ సలహా లేదు. వాళ్ల గల్లాపెట్టెలో తేడా తెచ్చేది గూగుల్‌లో హోటల్ పేరు పక్కన కనిపించే రేటింగ్. ఆ రేటింగ్‌ను దొంగ రివ్యూల నుంచి కాపాడాల్సిన కేంద్ర ప్రభుత్వమేమో ఆ పనిని కంపెనీల ఇష్టానికి వదిలేసింది.

రేటింగ్ గురించి మాట్లాడేవాళ్లందరూ చెప్పే లెక్క ఒకటుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైఖేల్ లూకా 2011లో వెలువరించిన పరిశోధన పత్రంలోది. సియాటిల్ నగరంలోని రెస్టారెంట్ల ఆదాయ వివరాలను ఆయన వాషింగ్టన్ రాష్ట్ర రెవెన్యూ శాఖ దగ్గర తీసుకుని, రివ్యూల వెబ్‌సైట్ యెల్ప్‌లో వాటికున్న రేటింగ్‌లతో పోల్చి చూశారు. సగటు రేటింగ్‌ను యెల్ప్ దగ్గర్లోని అర స్టార్‌కు సర్ది చూపించేది. 3.24 వచ్చిన హోటల్‌కు మూడు స్టార్లు కనిపిస్తే, 3.25 వచ్చినదానికి మూడున్నర కనిపించేవి. రెండుచోట్లా వంటలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు, కంటికి కనిపించేదాంట్లో మాత్రం అర స్టార్ తేడా. ఈ సందు పట్టుకుని, వంట నాణ్యతను పక్కకు తీసేసి స్టార్ల ప్రభావాన్ని విడిగా లెక్కగడితే, ఒక స్టార్ పెరిగినప్పుడు ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందని తేలింది.

అందరూ ఇక్కడిదాకా చదివి ఆపేస్తారు. అదే పత్రంలో ఉన్న తర్వాతి మాట ఎవరి నోటా రాదు: ఆ పెరుగుదల సొంతంగా నడిచే హోటళ్లదే, చైన్ రెస్టారెంట్ల ఆదాయంపై రేటింగ్ ప్రభావం లేదు. పైగా యెల్ప్ వాడకం పెరిగేకొద్దీ చైన్ల మార్కెట్ వాటా తగ్గింది.

చైన్లకు సున్నా, చిన్న హోటల్‌కు 5 నుంచి 9 శాతం. నెలకు 6 లక్షల బేరం ఉన్న మెస్ అనుకుంటే ఆ ఒక్క స్టార్ విలువ 30 వేల నుంచి 54 వేల రూపాయలు.

కారణం అందరికీ తెలిసిందే. పేరున్న చైన్‌లోకి వెళ్లేవాళ్లకు ఏం తినబోతున్నారో ముందే తెలుసు. కూకట్‌పల్లిలోనైనా, విజయవాడ బెంజి సర్కిల్‌లోనైనా అదే మెనూ, అదే రుచి. బోర్డు మీది పేరే వాళ్లకు హామీ. సందు చివరి మెస్‌కు హామీ ఇచ్చేది ముందు తిన్నవాళ్ల మాట ఒక్కటే. ఒకప్పుడు ఆ మాటను ఆటోడ్రైవర్లు, లాడ్జి గుమస్తాలు, ఊరూరా తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌లు మోసేవాళ్లు. ఇప్పుడది గూగుల్ మ్యాప్స్‌లో ఉంది.

రీల్స్ మహిమకు ఉదాహరణ చెప్పమంటే వెంటనే వచ్చే పేరు హైదరాబాద్‌లో రోడ్డు పక్కన భోజనాల స్టాల్ నడిపే కుమారి ఆంటీ. వీడియోలు చూసి తరలివచ్చిన జనంతో రోడ్డు మీద ట్రాఫిక్ చిక్కుపడటం, పోలీసులు స్టాల్ తీయించడం, 2024 జనవరి చివర్లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుంటే గాని ఆ పొయ్యి మళ్లీ వెలగకపోవడం మాత్రం సలహాదారులు దాటేస్తారు. ముఖ్యమంత్రి కలగజేసుకుంటే తప్ప నిలబడని ప్రచారాన్ని వేలమందికి నమూనాగా చూపించడం ఏం న్యాయం? ఢిల్లీ మాల్వీయ నగర్‌లోని బాబా కా ఢాబా 2020 అక్టోబరులో ఒక్క వీడియోతో దేశమంతటికీ తెలిసింది. డిసెంబరులో ఆ దంపతులు రెస్టారెంట్ తెరిచారు. 2021 ఫిబ్రవరికల్లా దాన్ని మూసేసి పాత ఢాబాకే తిరిగొచ్చారు. వీడియో చూసి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. రోజూ పన్నెండున్నరకు వచ్చి ప్లేట్ మీల్స్ తిని వెళ్లేవాళ్లు వేరు. వాళ్లు ఆఫీసు మారినప్పుడో, బంధువును ఆసుపత్రిలో చేర్పించినప్పుడో ఫోన్ తీసి 'దగ్గర్లో మీల్స్' అని వెతుకుతారు.

అక్కడ ఎవరి పేరు ముందు వస్తుందో రహస్యమేమీ కాదు. వెతికినదానికి హోటల్ ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది అన్న మూడింటిని బట్టి వరస నిర్ణయిస్తామని గూగుల్ బాహాటంగానే చెప్పింది. రివ్యూల సంఖ్య, రేటింగ్ ఆ మూడోదానిలోకి వస్తాయి. ప్రకటనల సంగతి వేరు గాని, ఈ వరసలో డబ్బు కట్టి పైకి రావడం కుదరదనీ స్పష్టం చేసింది. వెతికే సమయానికి తెరిచి ఉన్నవాటికి ప్రాధాన్యం పెంచామని 2023 చివర్లో ధ్రువీకరించింది.

ఇప్పుడు ఏ ఊళ్లోనైనా నాలుగు టిఫిన్ సెంటర్ల ప్రొఫైళ్లు తెరిచి చూడండి. పొద్దున్నే అయిదున్నరకు పెసరట్టు వేసే చోట 'తెరిచేది 9 గంటలకు' అని ఉంటుంది. మ్యాప్‌లో పిన్ వెనక వీధిలో ఉంటుంది. మెనూ ఫొటో ఏ కస్టమరో ఎప్పుడో తీసింది, అందులోని ఇడ్లీ ధర ఇప్పటి ధరలో సగం. ఫోన్ నంబరు పాత ఓనర్‌ది. పేరు ఇంగ్లిష్‌లో ఏదో ఒక స్పెల్లింగ్‌తో ఉంటుంది, తెలుగులో ఉండదు. ఆరు గంటలకు బస్టాండులో దిగి టిఫిన్ కోసం వెతికే ప్రయాణికుడి ఫోన్‌లో ఆ సెంటర్ మూసి ఉన్నట్టే లెక్క, పెనం మీద అట్టు కాలుతున్నా సరే. ఇవన్నీ సరిచేయడానికి ఒక మధ్యాహ్నం చాలు, ఖర్చు లేదు. వేళలు, పిన్, నంబరు, తాజా మెనూ ఫొటోలు, ఫిర్యాదు రాసినవాళ్లకు మర్యాదగా ఒక జవాబు. నెలనెలా బిల్లు వేసుకోవడానికి పనికిరాదు కాబట్టి ఏజెన్సీలు దీని ఊసెత్తవు.

వాటికి బదులు నేర్పేవి అడ్డదారులు. న్యూయార్క్‌లో 2022లో ఒక రెస్టారెంట్‌కు ఏకంగా 'థాయ్ ఫుడ్ నియర్ మీ' అనే పేరు పెట్టారు. అది బోర్డు మీద కూడా ఉన్న పేరు కాబట్టి చెల్లింది. బోర్డు మీద ఒక పేరు పెట్టి, గూగుల్‌లో దాని వెనక 'బెస్ట్ బిర్యానీ' అని తోక తగిలిస్తే మాత్రం నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైలే సస్పెండ్ కావచ్చు. బిల్లుతో పాటు 'ఫైవ్ స్టార్ ఇస్తే గులాబ్ జామ్ ఫ్రీ' అని చేతికిచ్చే కార్డు కూడా నిషిద్ధమే.

దొంగ రివ్యూల సంగతి ఇంతకంటే పెద్దది. 2017లో ఊబా బట్లర్ అనే రచయిత లండన్ డల్విచ్‌లో తన పెరటి షెడ్డును రెస్టారెంట్‌గా ట్రిప్‌అడ్వైజర్‌లో నమోదు చేశాడు. స్నేహితుల చేత రివ్యూలు రాయించి కొన్ని నెలల్లోనే దాన్ని లండన్ మొత్తంలో మొదటి స్థానానికి చేర్చాడు. అప్పటికి అక్కడ ఒక్కరికీ భోజనం పెట్టలేదు. 2022లో అమెరికాలో పలు రెస్టారెంట్లపై వరసగా ఒక్క స్టార్ రివ్యూలు పడ్డాయి. వాటిని తీసేయాలంటే 75 డాలర్ల గూగుల్ ప్లే గిఫ్ట్ కార్డు పంపాలని ఈ-మెయిళ్లు వచ్చాయి. తాము భారతదేశంలో ఉంటున్నామని ఆ మెయిళ్లలో రాసుకున్నారు. గూగుల్ 2023లో 17 కోట్లకు పైగా, 2024లో 24 కోట్లకు పైగా నిబంధనలు మీరిన రివ్యూలను ఆపేసింది లేదా తొలగించింది.

లూకాయే జార్జియోస్ జెర్వాస్‌తో కలిసి బోస్టన్ రెస్టారెంట్లపై మరో అధ్యయనం చేశారు. అక్కడి రివ్యూల్లో దాదాపు 16 శాతాన్ని యెల్ప్ అనుమానంతో పక్కనపెట్టినట్టు అందులో తేలింది. చుట్టుపక్కల పోటీ పెరిగినచోట ప్రత్యర్థులపై దొంగ చెడ్డ రివ్యూలు పెరుగుతాయనీ, చైన్లు తమకు తాము దొంగ రివ్యూలు రాయించుకోవడం తక్కువనీ కూడా తేలింది. ఎందుకు రాయించుకుంటాయి? రేటింగ్ వల్ల వాటికి వచ్చేది సున్నా. దొంగ రివ్యూ అబద్ధపు స్టార్లతో లాక్కునే 5 నుంచి 9 శాతం పక్క సందులో నిజాయతీగా వండే మరో చిన్న హోటల్‌దే.

ఇంత జరుగుతుంటే మన విధానం ఏమిటి? భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. రివ్యూ రాసినవాళ్లు నిజమైన మనుషులేనా అని సరిచూసుకోవాలి, డబ్బిచ్చి రాయించుకున్నవి ప్రచురించకూడదు. చదవడానికి చక్కగానే ఉంది, కానీ పాటించడం స్వచ్ఛందమన్నారు. తప్పనిసరి చేయడంపై 2024 మేలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ-కామర్స్ సంస్థలతో సమావేశమూ పెట్టింది. ఇదే శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు తీసుకుని పొగిడితే ఆ సంగతి చెప్పాలి, తప్పుదారి పట్టించే ప్రచారమైతే మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా. అంటే పెద్ద బ్రాండ్లు వాడుకునే రీల్‌కు జరిమానా భయం ఉంది, చిన్న హోటల్ ప్రాణం నిలిపే స్టార్‌కు స్వచ్ఛంద ప్రమాణం సరిపోయింది!

సియాటిల్ వేరు, సికింద్రాబాద్ వేరు అనేవాళ్లున్నారు. నిజమే, ఇక్కడ శాతం అటూఇటూ కావచ్చు. కానీ పేరు లేని హోటల్‌కు రేటింగే ఆధారమన్న సంగతి ఇక్కడ మారదు. తనిఖీ పెడితే రివ్యూలు తగ్గిపోతాయని ఇంకో వాదన. తగ్గనీ. నిజంగా తిన్నవాళ్ల నలభై రివ్యూలు కొనుక్కొచ్చిన నాలుగు వందలకంటే మేలు.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఆగస్టులో దొంగ రివ్యూల కొనుగోలు, అమ్మకాలను నిషేధించింది. అక్టోబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన ఆ నిబంధన కింద అప్పట్లో ఒక్కో ఉల్లంఘనకు 51,744 డాలర్ల దాకా జరిమానా ఉండేది. ఇక్కడ 'వంద ఫైవ్ స్టార్లు ఇంతకు' అని వాట్సాప్‌లో రేటు చెప్పే ఏజెంటుకు ఏ భయముంది? జొమాటో, స్విగ్గీల తీరుపై జాతీయ రెస్టారెంట్ల సంఘం 2021లో కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసి, 2022 ఏప్రిల్‌లో దర్యాప్తుకు ఆదేశం సాధించింది. ఆ పట్టుదలలో పావు వంతైనా ఆ సంఘం రివ్యూల మీద చూపించాలి. వినియోగదారుల శాఖ ఇంకో సమావేశం, ఇంకో ప్రెస్ నోట్ అంటే ఒప్పుకోకూడదు. ఐఎస్ 19000ను తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. ఫిర్యాదు చేసిన హోటల్‌కు వారంలోగా జవాబివ్వని ప్లాట్‌ఫారానికి జరిమానా అందులోనే రాయాలి. దొంగ రివ్యూలు అమ్మేవాళ్లకు ఇన్‌ఫ్లుయెన్సర్లకు వేస్తామన్న ఆ 10 లక్షలే వర్తింపజేయాలి. అది చేతకాకపోతే, చిన్న వ్యాపారులను డిజిటల్ బాట పట్టిస్తున్నామనే ప్రసంగాలు మంత్రులు ఇకనైనా మానుకోవాలి.