చిన్న ట్రాక్టరు – పెద్ద బాధ్యత

ఐరోపా ఖండమనగానే మనకు విశాలమైన రహదారులు, వాయువేగంతో సాగిపోయే కార్లు స్ఫురిస్తాయి. కాని ఆ ఖండంలోని పల్లెదారుల స్వరూపం వేరు. అవి ఇరుకైనవి, మలుపులతో కూడినవి. ఎండుగడ్డో, వంటచెరకో, ద్రాక్షపండ్లో నింపిన ట్రెయిలరును లాగుతూ చిన్న ట్రాక్టరు ఆ దారులమీద నింపాదిగా సాగిపోతుంది. ఇంగ్లండులోని కవెంట్రీ నగరంలో 1946 నుండి 1956 వరకు 5 లక్షలకు పైగా తయారైన ఫెర్గూసన్ టి.ఇ.20 వంటి చిన్న ట్రాక్టర్లే అక్కడి సామాన్య రైతు ఇంట గుర్రాల స్థానాన్ని ఆక్రమించాయి.

ఇట్టి బండి వెనుక చిక్కుకున్న కారువారు విసుగుకొనడం కద్దు. ఈ నత్తనడక వాహనాలను రహదారి కెక్కనీయరాదని వాదించేవారూ లేకపోలేదు. ఆ వాదం న్యాయసమ్మతం కాదని నా అభిప్రాయం. పొలానికీ ఇంటికీ నడుమ వేరొక దారి లేనప్పుడు రైతు ఎటు పోగలడు? అయితే దారిపై హక్కు కోరేవాడు దానికి తగిన శిక్షణను కూడ అంగీకరించాలి.

జర్మనీ చట్టాన్ని ఉదాహరణగా గ్రహిద్దాం. అక్కడ 16 సంవత్సరాలు నిండినవారు ‘ఎల్’ తరగతి లైసెన్సు పొందవచ్చు. వ్యవసాయ, అటవీ పనులకై గంటకు 40 కిలోమీటర్లకు మించని వేగంగల ట్రాక్టరును నడపవచ్చు. ట్రెయిలరు తగిలిస్తే 25 కిలోమీటర్లు దాటరాదు. నియమం వివేకవంతమైనదే. కాని ఈ లైసెన్సుకు సిద్ధాంత పరీక్ష తప్ప, బండి నడిపి చూపవలసిన పరీక్ష లేదు. కారు లైసెన్సు ఉన్నవారికైతే ఈ హక్కు దానితోపాటే సంక్రమిస్తుంది. లోపం ఇక్కడే ఉన్నది.

ట్రెయిలరు బరువు ట్రాక్టరు బరువును మించితే, పల్లంలో ట్రెయిలరే ట్రాక్టరును వెనుకనుండి నెట్టి పక్కకు తిప్పివేయగలదు. అందుచేత దిగుడు మొదలుకాక మునుపే తక్కువ గేరు వేసుకోవాలి. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్ళుంటాయి. పొలంలో ఇరుకు మలుపు తిరగడానికి అది సౌకర్యమే. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ జతపరిచే గొళ్ళెం వేయడం మరచినచో, ఒక్క పెడలు తొక్కినంతనే బండి పక్కకు లాగివేస్తుంది. ఇవి పుస్తక పఠనంతో అలవడే విద్యలు కావు.

వెనుకనుండి పొంచియున్న ప్రమాదం మరొకటి. జర్మనీలో ఊళ్ళ వెలుపలి మామూలు రోడ్లమీద కార్లకు 100 కిలోమీటర్ల వేగం అనుమతించబడినది. అట్టి కారు, 25 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రెయిలరును 100 మీటర్ల దూరంనుండి 5 సెకన్లలోపే చేరుకొంటుంది. మునిమాపువేళ వెనుక దీపమో, వెలుగు పడితే మెరిసే ఎర్రని త్రికోణ ఫలకమో లేకపోతే ఆ కాస్త వ్యవధి కూడ దక్కదు.

కనుక నిండు ట్రెయిలరుతో వాలుదారిన దిగి, క్షేమంగా ఆపి చూపిన తరువాతనే లైసెన్సు ఈయడం సమంజసం. ఇది రైతుకు భారమని కొందరనవచ్చు. 1959లో స్వీడన్ దేశం, బోల్తాపడినా డ్రైవరును కాపాడే దృఢమైన చట్రాన్ని కొత్త ట్రాక్టర్లకు తప్పనిసరి చేసింది. పిమ్మట అనేక దేశాలు ఆ బాటనే నడిచాయి. దానివలన వ్యవసాయం కుంటుపడలేదు, ప్రాణాలు నిలిచాయి.

పదహారేళ్ళంటే మన ఇంటర్మీడియట్ విద్యార్థి ప్రాయం. ఆ వయసున బాధ్యత అప్పగించడంలో తప్పులేదు. నేర్పకుండ అప్పగించడమే తప్పు.