చిన్న చక్రము, పెద్ద చక్రము



ఈ నెల మా ముచ్చట వంటయింటిది కాదు. వాకిట నిలిచియుండు మోటారుబండిది. ‘అది మగవారి వ్యవహారము గదా’ యని పుట త్రిప్పివేయకుడు. నేడు మన ఆడుబిడ్డలే బండ్లు నడుపుచున్నారు. పసివారిని వెనుక కూర్చుండబెట్టుకొని వందల కిలోమీటర్లు పోయి వచ్చుచున్నారు. ఇంటిలో పొయ్యి సంగతి తెలిసికొన్నట్లే బండి చక్రముల సంగతియు కొంత తెలిసికొనుట మనకు క్షేమము.

గత వేసవిలో మా చెల్లెలి కుమార్తె బెంగుళూరునుండి తన బండిలో హిందూపురమునకు వచ్చినది. తిరుగు ప్రయాణమున మమ్మును వెంటబెట్టుకొని, బిడ్డలకు చూపింపవలెనని లేపాక్షిలో ఆగినది. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన వీరభద్రస్వామి ఆలయమును చూచితిమి. అచ్చటి వ్రేలాడు స్తంభము క్రిందుగా అందరివలెనే మా పిల్లలును తువ్వాలు దూర్చి, ఇవతలినుండి అవతలికి లాగి సంతోషించిరి. అంత బరువైన రాయి నేలను ఆని ఆననట్లు నిలుచుట వారికి వింత. మన బండియు నేలను తాకునది అత్యల్పమే. ఒక్కొక్క టైరు నేలనంటు చోటు ఇంచుమించు ఒక అరచేయి యంత మాత్రమే. టన్నున్నర బరువును, అందులోని ప్రాణములును ఆ నాలుగు అరచేతుల మీదనే ఆధారపడియున్నవి. ఈ మాట ఎంత నిజమో మాకు ఆ సాయంకాలమే తెలిసినది.

పెద్ద నందిని చూచి వచ్చిన పిమ్మట, టైర్లలో గాలి చూపించుటకై దారిప్రక్కన ఒక పంక్చరు అంగడి వద్ద బండి నిలిపితిమి. అంగడి పెద్దాయన వెనుక చక్రముల వద్ద గొంతుకూర్చుండి, కొంతసేపు చూచి, “అమ్మా, ఈ టైర్లు ఎవురు బిగించినారు? బాణం ముందుకు చూడాల. మీది ఎనక్కు చూస్తాండాది” అనెను.

మా అమ్మాయి ఆశ్చర్యపడి మావైపు తిరిగి, “పోయిన నెలనే మార్పించినాను పెద్దమ్మా. ఈ బండికి ముందు టైర్లు సన్నం, వెనకవి వెడల్పు. ముందువి వెనక్కి పట్టవు, అందుకని ఎడమవి కుడికి, కుడివి ఎడమకు వేసినామన్నారు” అని చెప్పినది.

“అరుగుడు సమానంగా ఉండల్లని మార్చినారు. ఆలోచన మంచిదే గానీ తల్లీ, ఈ టైరు అట్ల మార్చే జాతి కాదు” అని పెద్దాయన జాకీ తీసికొని వచ్చెను. రెండు వెనుక చక్రములను విప్పి, దేని స్థానమునకు దానిని చేర్చెను. ముందు చక్రములకు బాణము లేదు గనుక వానిని కదల్పలేదు. అరగంట పని.

ఇక ఇందలి మర్మమును విన్నవింతుము.

బండి టైర్లు నాలుగును ఒకే తీరున అరుగవు. ముందు చక్రములు మలుపు తిరుగును. బ్రేకు వేసినపుడు బరువంతయు ముందునకే తూగును. ఏ చక్రములను ఇంజను త్రిప్పునో అవి మఱింత త్వరగా అరుగును. అందుచే నాలుగును ఒకే కొలత గల సామాన్యపు బండ్లలో ప్రతి 8,000 లేక 10,000 కిలోమీటర్లకు ముందువానిని వెనుకకును, వెనుకవానిని ముందునకును మార్చుట ఆచారము. అట్లు చేసినచో నాలుగును సమముగా అరిగి, ఎక్కువకాలము మన్నును.

కాని కొన్ని బండ్లకు వెనుక చక్రములే ఇంజను బలమును నేలకందించును. ఆ బలము జారిపోకుండుటకై వానికి వెడల్పైన టైర్లు వేయుదురు. బి.ఎం.డబ్ల్యు. 3 సిరీస్ బండ్లలో కొన్నింటికి ముందు 225/45 ఆర్ 18, వెనుక 255/40 ఆర్ 18 టైర్లుండును. ఈ అంకెలను చదువుట కష్టము కాదు. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు నూటికి ఎంతపాలో చెప్పును. చివరిది చక్రపు చట్రము, అనగా రిమ్ము, ఎన్ని అంగుళములో తెలుపును. 225లో నూటికి 45 పాళ్ళు 101. 255లో నూటికి 40 పాళ్ళు 102. కావున ఎత్తులో రెండును సమానమే. వెడల్పులో మాత్రము మూడు సెంటీమీటర్ల భేదము. కంటికి ఒకటే యనిపించును, కాని ఒకటి కాదు. వెడల్పు టైరును ముందు వేసినచో మలుపులో లోపలి రేకునకు రాచుకొనవచ్చును. సన్నని టైరు వెనుకకు పోయినచో అచ్చట పట్టు తగ్గి, మలుపులో బండి తోక ప్రక్కకు జారును. కనుక ఇట్టి బండికి ముందు వెనుకల మార్పు పనికిరాదు.

మిగిలినది ఎడమ కుడుల మార్పు. అదియును టైరు జాతిని బట్టియే. టైరు ప్రక్కగోడపై బాణము గుర్తు లేనిచో, ఎడమ కుడులను నిశ్చింతగా మార్చుకొనవచ్చును. ‘వెలుపలి వైపు’ అను అర్థమిచ్చు ఇంగ్లీషు మాట యున్నచో, ఆ ముఖము ఎప్పుడును వెలుపలికే యుండవలెను. చక్రము చక్రముగా అటునుండి ఇటు మార్చినచో ఆ నియమము చెడదు. బాణమే యున్నచో, బండి ముందుకు నడచునపుడు చక్రము ఆ బాణపు దిక్కుననే తిరుగవలెను. అట్టి టైరును రెండవ వైపునకు మార్పదలచినచో రిమ్మునుండి ఊడదీసి, త్రిప్పి మరల ఎక్కించి, తూకము సరిచూడవలెను. ఆ కూలితో పోల్చిన లాభమెంతయో ముందుగా లెక్క చూచుకొనుట మంచిది.

బాణమెందుకనగా, అట్టి టైరు గాడులు చేపముల్లు ఆకారమున నుండి, వానలో చక్రము క్రిందికి వచ్చు నీటిని ఇరుప్రక్కలకు చిమ్మివేయును. తలక్రిందులుగా తిరిగినచో ఆ నీటిని చక్కగా బయటికి నెట్టజాలదు. వేగముగా పోవు బండి నేలను విడిచి నీటిపై తేలును. అప్పుడు స్టీరింగు మాట వినదు, బ్రేకు పట్టదు.

పూర్వపు అనంతపురము జిల్లాయందు సంవత్సరమునకు సగటున 22 అంగుళముల వానయే. నెలల తరబడి రోడ్డు పొడిగానే యుండును. పొడి రోడ్డుపై ఈ తప్పు తెలియనే తెలియదు. బండి ఎప్పటివలెనే నడచును. కాని చాలదినముల ధూళి, నూనె పేరుకొన్న దారిపై తొలివాన పడినపుడే జారుడు అధికము. వాన తక్కువైన సీమయందే వానటైరును గూర్చి మఱింత జాగ్రత్త వలయునని మాకు నాడు తోచినది.

ముందొక కొలత, వెనుకొక కొలత యనునది గొప్పవారి బండ్లకే పరిమితము కాదు. మన పల్లెల ట్రాక్టరును చూడుడు. సాధారణముగా ముందు 6.00-16, వెనుక 13.6-28 టైర్లుండును. చిన్నవి దారి చూపును. పెద్దవి నాగలిని లాగును. వెనుక టైర్ల మీది వాలుకట్లకును దిక్కు గలదు. మన ఆడపిల్లలు నడుపు స్కూటరును సయితము చూడుడు: 2020లో వచ్చిన హోండా ఆక్టివా 6జికి ముందు చక్రము 12 అంగుళములు, వెనుకది 10. వీనిని మార్చుకొందమని ఎవరును తలపరు. కారు చక్రములు కంటికి సమానముగా కనబడుటచేతనే మనము మోసపోవుచున్నాము.

అట్లయిన మార్పు లేని బండికి ఆయుష్షు పెంచు మార్గమేమి? గృహిణి చేయదగిన పనులు కొన్ని గలవు.

మొదటిది గాలి. ముందు వెనుకలకు వేర్వేరు కొలతలుండవచ్చును. డ్రైవరు తలుపు వద్ద నంటించిన చీటీలో అవి వ్రాసియుండును. పదునైదు దినములకొకసారి, ఉదయము బండి కదలకమునుపే చూపింపవలెను. ఎండలో నడచి వేడెక్కిన టైరులో గాలి హెచ్చుగా కనబడును. అప్పుడు తీసివేసినచో చల్లారిన పిమ్మట తక్కువగును.

రెండవది చూపు. రెండు అంచులు అరిగినచో గాలి తక్కువయని గుర్తు. నడుమ అరిగినచో గాలి ఎక్కువ. ఒకే అంచు అరిగినచో చక్రముల వరుస తప్పినదని గుర్తు. గాడుల లోతున చిన్న గట్లుండును. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తుండును. టైరు అరిగి వానితో సమమైనచో దానికి సెలవీయవలెను. ప్రక్కగోడపై నాలుగంకెలు పుట్టిన వారమును, సంవత్సరమును చెప్పును: 2319 అనగా 2019వ సంవత్సరము 23వ వారము.

మూడవది జమాఖర్చు. ఇట్టి బండిలో వెనుక జత ముందుగా అరుగుట సహజము. అందుచే నాలుగింటికి ఒకేసారి కాక, జతకొక లెక్క వ్రాసికొని, జతగానే కొనవలెను. పాలలెక్క వ్రాయు పుస్తకములోనే ఒక పుట దీనికి విడువుడు: ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద, ఏ జత వేసితిమి.

నాలుగవది స్టెప్నీ. రెండు కొలతల బండికి ఒక్క స్టెప్నీ రెండింటికిని సరిపోదు. కొన్నింటికి సన్నని తాత్కాలిక చక్రమిత్తురు. దానితో గంటకు 80 కిలోమీటర్లు మించరాదని దానిమీదనే వ్రాసియుండును. కొన్నింటికి అసలే యుండదు. దూరప్రయాణమునకు ముందు డిక్కీ తెరచి ఏమున్నదో చూచుకొనుడు.

నాడు మేము లేపాక్షి విడిచి, చిలమత్తూరు దాటి, కొడికొండ వద్ద పెద్దరోడ్డెక్కునప్పటికి ఆకాశము నల్లబడినది. బాగేపల్లి చేరకమునుపే వడగండ్లతో వాన. ముందు లారీ ఎఱ్ఱదీపము తప్ప మఱేమియు కానరాలేదు. అమ్మాయి వేగము తగ్గించి, తొట్రుపడక నడిపినది. వెనుక పిల్లలు నిద్రించుచుండిరి. కొంతసేపటికి ఆమె, “ఆ తాతకు నేను ఇచ్చింది రెండు వందలే, పెద్దమ్మా” అని మెల్లగా అన్నది. మేమేమియు అనలేదు.

మీ యింటి బండి చక్రముపై బాణము గలదేమో రేపు ఉదయము ఒకసారి వంగి చూడుడు. అది ఎటు చూచుచున్నదో మాకు వ్రాయుడు.