రసీదు లేని అద్దె

సూరత్‌లోని లింబాయత్‌లో మన పద్మశాలీ కుటుంబాలెన్నో మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్నాయి. ఇలాంటి కార్మికవాడల్లో అద్దె నెలనెలా నోట్లుగా చేతులు మారుతుంది, చీటీముక్క కూడా రాదు. గుజరాత్‌కు వర్తించిన 1947 నాటి బొంబాయి అద్దె చట్టం మాత్రం పుచ్చుకున్న ప్రతి అద్దెకూ యజమాని రసీదు రాసివ్వాల్సిందేనంది. నీళ్లు, కరెంటు ఆపేసి వేధించడాన్నీ నిషేధించింది.

2020 మార్చి 29న, లాక్‌డౌన్ వేళ, కార్మికుల నుంచి ఒక నెలపాటు అద్దె అడగొద్దని కేంద్రం ఆదేశించింది. కానీ అద్దెకు ఉంటున్నట్టు రుజువే లేనివాడు ఎవరికి మొరపెట్టుకోవాలి? కిరాయిదారుల వివరాలు ఠాణాలో ఇమ్మని యజమానులను పోలీసులు గట్టిగానే అడుగుతారు. రసీదు విషయంలోనూ ప్రభుత్వం అంతే గట్టిగా ఉండాలి. ఇంటిపన్ను వసూలుకు వెళ్లే సిబ్బంది రసీదు పుస్తకం కూడా చూపమనాలి.