కడుపు బాగోలేదని ఎందుకు చెప్పాలి?

నాగాయలంకలో ఒక రొయ్యల రైతు ఇంట్లో నేను అబద్ధం చెప్పాను. చెరువుల మీద వార్త రాయడానికి పోయాను. పొద్దున్నించి గట్ల వెంట తిప్పి, మధ్యాహ్నం ఇంటికి తీసుకుపోయి ఆకు వేశాడు. నాటుకోడి కూర. అది జబీహా కాదని తెలుసు. ఆ మాటంటే నొచ్చుకుంటాడేమోనని "కడుపు బాగోలేదండీ, మజ్జిగన్నం చాలు" అన్నాను. ఆ ఇల్లాలు కంగారుపడి వామూ ఉప్పూ తెచ్చి చేతిలో పెట్టింది. శుభ్రంగా ఉన్న కడుపులోకి వాము వేసుకుని బస్సెక్కాను. తౌబా!

ఈ బహానా నేను కనిపెట్టింది కాదు. మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. మా అబ్బా సర్కారీ నౌకరీలో గుడివాడ, బందరు, అవనిగడ్డ ముప్పై ఏళ్లు తిరిగారు. బయల్దేరేటప్పుడు అమ్మీ టిఫిన్ డబ్బా చేతికిచ్చి "బాహర్ కా ఖానా మత్ ఖావ్ జీ" అనేది. ఆయన ఏ చెట్టు కిందో డబ్బా విప్పుకుని తిని, ఆఖరి బస్సుకు తిరిగొచ్చేవారు. ఆ మూడు ఊళ్ల గురించి ఆయనకు బాగా తెలిసిందల్లా బస్సు టైములు. అమ్మీని తప్పు పట్టను. హలాల్ విషయంలో ఆమె ఎహతియాత్ సరైనదే. కానీ హరామ్ నుంచి తప్పించుకోవడానికి ఊరి నుంచే తప్పించుకోవాలా? దాని మీదే నా గొడవ.

రెండోసారి నాగాయలంక పోయినప్పుడు ఉన్న మాట చెప్పేశాను. బిస్మిల్లా అని జబాహ్ చేసిన మాంసమే తింటామండీ, చేపకు ఆ షరతు లేదు, పప్పూ పచ్చడీ అయితే అసలు మాటే లేదు అన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, "ముందే చెబితే చేపలు తెప్పించేవాణ్ణి కదా భాయ్, ఈ మాత్రానికి వాము తిన్నారా?" అని పడీపడీ నవ్వాడు. ఆ పూట పండుగప్ప పులుసు. చింతపండు పులుపు, పైన కొత్తిమీర, వేడన్నం. మేజ్‌బాన్, మెహమాన్ ఒకే పీట వరసలో కూర్చున్నాం. తింటూ తింటూ ఆయన 1977 నవంబరు 19 రాత్రి సంగతి ఎత్తాడు. సముద్రం లేచి దివిసీమ మీద పడ్డ రాత్రి. సర్కారు లెక్కే పది వేల దాకా పోయారని చెబుతుంది. ఆయనింట్లో ఎవరు మిగిలారో, ఎవరు లేరో అన్నం కలుపుతూనే చెప్పాడు. మజ్జిగన్నం తిని లేచిన రోజున ఆ మాటలేవీ రాలేదు. అబద్ధం చెప్పి లేచినవాడికి ఎవరు మాత్రం చెబుతారు?

ఇక బందరు. గోల్కొండ సుల్తానులకు సముద్రపు దర్వాజా ఇదే. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడికే వచ్చి కొట్లు పెట్టారు. బందర్ అంటే ఫార్సీలో రేవు. హల్వా అరబ్బీ మాట. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, బెల్లం పాకంలో నెయ్యి పోస్తూ గంటల తరబడి తిప్పితే బందరు హల్వా. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీలు ఈ మిఠాయిలు తెచ్చారంటారు. పక్కనే పెడనలో అద్దే కలంకారీలో కలమూ మనదే, కారీ మనదే. వేసే చేతులు తెలుగు చేతులు. మన పిల్లలు దుబాయి ఖర్జూరం పేర్లు గడగడా చెబుతారు, బందరు అనే మాటకు మానే అడిగితే బిక్కమొహం వేస్తారు. ఆ ఊళ్లో టీ కొట్టు దగ్గర నన్ను "మీకు తెలుగు భలే వచ్చే" అని మెచ్చుకుంటారు. తెలుగులో డిగ్రీ చేశానని చెప్పడం మానేశాను.

గుడివాడలో ఆగితే ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి. అందులో అడగాల్సిందేమీ లేదు, తినడమే. అక్కడి నుంచి పామర్రు మీదుగా దివిసీమకు పోయే దారిలో కూచిపూడి వస్తుంది. ఉర్దూ మీడియం బడిలో తానీషా గురించి చదివాను, తెలుగు డిగ్రీలో కూచిపూడి గురించి చదివాను. తానీషా మచిలీపట్నం పోతూ ఇక్కడ ఆగి, భాగవతుల ఆట చూసి, ముగ్ధుడై ఊరినే ఇనాముగా ఇచ్చాడని చెప్పుకుంటారే, ఆ ముక్క మాత్రం రెండు చోట్లా నాకెవరూ చెప్పలేదు. ఆయనదీ పని మీద సఫరే కదా. తల వంచుకుని బందరు పోయొచ్చి ఉంటే ఏ చిక్కూ లేకపోను.

"ఏ నూనెలో వేయించారో, ఏ గరిటె పెట్టారో మీకేం తెలుసు?" అని మా బావగారు అడుగుతారు. సవాలు న్యాయమైనదే. కోడి పకోడీ దేవిన మూకుట్లోనే మిరపకాయ బజ్జీ వేసే బండ్లు ఉన్నాయి. అందుకే అడుగుతాను. "ఇందులో చికెన్ వేశారా అన్నా?" అంటే ఇప్పటిదాకా ఎవరూ కోప్పడలేదు. జవాబు నమ్మకం కలిగించకపోతే రెండు అరటిపళ్లు కొనుక్కుంటాను. భూమ్మీద తిరిగి చూడమని ఖురాన్ చాలా చోట్ల చెబుతుంది. ముసాఫిర్‌కు నమాజు తగ్గించి, రోజా తర్వాత ఉంచుకునే వీలిచ్చిన దీన్ మనది. ప్రయాణాన్ని అంత పట్టించుకున్న దీన్‌లో ఉండి మనం బస్సు కిటికీ మూసుకుని నిద్రపోతాం.

పైగా ఈ తిరుగుళ్లన్నీ మగవాళ్లవే. మా బేగం పెళ్లయ్యాక చూసిన ఊళ్లు లెక్కపెడితే షాదీలు, మయ్యత్‌లు, ఒక ఉర్సు. నేను ప్రతిసారీ అరకిలో బందరు లడ్డూ తెచ్చి బాకీ తీరిందనుకునేవాణ్ణి. పోయిన వారం డబ్బా మూత కూడా తీయకుండా "లడ్డూ బెజవాడలోనూ దొరుకుతుంది, సముందర్ దొరకదు" అంది. వచ్చే నెల పనికి ఆమెనూ అమ్మాయినీ తీసుకుపోతున్నాను. మంగినపూడి ఒడ్డు, ఆ తర్వాత నాగాయలంక.

నాగాయలంక ఆయనకు ఫోన్ చేస్తే, "చేపలా, రొయ్యలా?" అని అడిగాడు. చేపలని వెంటనే చెప్పాను. హనఫీలలో రొయ్య తినొచ్చనేవాళ్లూ ఉన్నారు, వద్దనేవాళ్లూ ఉన్నారు. మా ఇంట్లో నేను ఒక వైపు, బేగం ఇంకో వైపు. రేపు చెబుతానన్నాను.