నెలచందా క్రీడ: కొనదగినదేనా?

మన పాఠశాలలో పైతరగతులు చదువు బాలురు కొందఱు గడచిన సంవత్సరము నన్నొకనాడు చుట్టుముట్టి, "మాష్టారూ, అంతర్జాలమున నెలనెలా చందా కట్టి ఆడు ఆటలు కొన్ని యున్నవి. అవి ఆడదగినవేనా? మా నాన్నగారు డబ్బు దండుగ యనుచున్నారు" అని యడిగిరి. నేనప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. తెలియని విషయమును గుఱించి ఉపాధ్యాయుడు గట్టిగా మాటలాడరాదు. (ఆ తప్పు నేనెన్నడును చేయలేదని మాత్రము చెప్పజాలను.) తరువాతి వేసవిలో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నున్న మా చెల్లెలి యింట మూడు నెలలు గడపితిని. పదునాఱేండ్ల మా మేనల్లునికిని వాని తల్లికిని మధ్య అచట సరిగా నీ వివాదమే నడచుచుండెను. ఇద్దఱును నన్ను మధ్యవర్తిగా నిలిపిరి. తీర్పు చెప్పుటకు ముందు ఆటను చూడవలయును గదా యని, అనేక సాయంకాలములు వాని ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుంటిని.

ఆ క్రీడ పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. బ్లిజర్డ్ అను అమెరికా సంస్థ దీనిని 2004 నవంబరు 23వ తేదీన వెలువరించెను. ఇట్టివానిలో ఇదియే మొదటిది కాదు. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్ అంతకు ముందే వచ్చియుండెను. కాని 2010వ సంవత్సరమునకు కోటి ఇరువది లక్షలమంది చందాదారులను సంపాదించి, ఇది తక్కిన వానినన్నిటిని మించినది. ఆడువాడు తనకొక పాత్రను సృష్టించుకొనును. అతడు యోధుడు కావచ్చును, మాంత్రికుడు కావచ్చును, గాయపడినవారిని మాన్పు పూజారియు కావచ్చును. ఆ పాత్రతో అజరాత్ అను కల్పితలోకమున అడవులు, ఎడారులు, పాడుపడిన కోటలు దాటుచు, రాక్షసులతో పోరాడుచు, స్థాయి వెంట స్థాయి పెరుగుచుండును. బాల్యమున రాజకుమారుల కథలు వినినవారికి ఇందు క్రొత్త యేమియు లేదు. క్రొత్తదనమంతయు నొక్క విషయముననే యున్నది. ఎదుటి రాక్షసుడు యంత్రకల్పితుడే కాని, ప్రక్కన నిలిచి పోరాడు నెచ్చెలికాడు మాత్రము వేఱొక యూరిలో తన గదిలో కూర్చున్న నిజమైన మనుష్యుడు. అందుచేత ఈ యాటను నడుమ నిలిపి లేచిపోవుటకు వీలులేదు. తల్లిదండ్రులు ఈ సంగతిని ముందు తెలిసికొనిన, ఇంటిలో సగము కలహములు తప్పును.

చందా నెలకు 14.99 డాలర్లు, అనగా పండ్రెండువందల రూపాయలకు పైమాట. 2004లో అమెరికాలో నిర్ణయించిన ఆ వెలయే అచట నేటికిని నడచుచున్నది. ఒకేసారి అనేక మాసములకు చెల్లించినచో కొంత తగ్గింతురు. రెండేండ్లకొకసారి రమారమిగా వచ్చు క్రొత్త భాగములను వేఱుగా కొనవలయును. 2024 ఆగష్టులో వచ్చినదాని వెల సుమారు ఏబది డాలర్లు. ఇరువదవ స్థాయివఱకు ఉచితముగా ఆడి చూడవచ్చును. చందా నొకమారు ప్రారంభించితిమా, మనము వలదని చెప్పువఱకు నెలనెలా దానంతటదియే వసూలగుచుండును.

మా మేనల్లుడు కాగితము మీద లెక్క వేసి నాకు చూపెను. "మామయ్యా, దినమునకు రెండు గంటలు ఆడితిననుకొనుము. నెలకు అరువది గంటలు. గంటకు ఇరువదియైదు సెంట్లు మాత్రమే. సినిమాకు పోయినచో రెండు గంటలకే ఈ చందా అయిపోవును గదా!" లెక్కలో తప్పు లేదు. తప్పు లేకపోవుటయే నాకు భయము కలిగించినది. ఆ లెక్క ప్రకారము దినమునకు నాలుగు గంటలాడినవానికి గంట మఱింత చౌక, ఎనిమిది గంటలాడినవానికి మఱియు చౌక. చందా కట్టి ఆడనివాడు నష్టపోయినవాడగును. లాభము కోరువాడు నిద్ర మానవలయును.

ఇది నాకు క్రొత్త సంగతి కాదు. నేను చదువుకొను దినములలో మా యూరి బజారున నవలలు అద్దెకిచ్చు దుకాణమొకటి యుండెను. అద్దె దినమునకింత యని. పుస్తకము మఱునాటి సాయంకాలమునకు తిరిగి ఈయనిచో రెండవనాటి అద్దె పడును. ఆ పది పైసలు మిగుల్చుటకై నేను తెల్లవాఱువఱకు దీపము క్రింద చదివి, ఉదయము తరగతిలో తూగుచుంటిని. ఆ త్రైమాసిక పరీక్షలో గణితమున నాకు వచ్చినవి 19 మార్కులు. మా తండ్రిగారు నవలలను నిందించిరి. నవలల దోషమంతగా లేదని నాకిప్పటికిని తోచును. అద్దె ముందు చెల్లించి, దానిని రాబట్టుకొనవలెనను ఆత్రమే నన్ను చెఱచినది.

అయినను ఆటను నిర్మించినవారిని కేవలము నిందింపలేను. అజరాత్‌లో సత్రములున్నవి. ఆట చాలించునపుడు పాత్రను సత్రమున విశ్రమింపజేసి పోయినచో, తిరిగి వచ్చి శత్రువును గెలిచినపుడు కొంతవఱకు రెట్టింపు అనుభవము లభించును. కొంతకాలము ఆడక విశ్రమించినవానికి బహుమానమన్నమాట! ఇది చూచి మా చెల్లెలు మొదటిసారి ఆ తెరవైపు ఆదరముతో చూచెను. కాని స్థాయిలన్నియు ముగిసిన పిమ్మట వేఱొక పద్ధతి ప్రారంభమగును. పదిమందియో ఇరువదిమందియో జట్టుగా కోటలోనికి పోయి మహారాక్షసులను గెలువవలయును. ఒకసారి గెలిచిన రాక్షసునివద్ద బహుమానము మరల వారమువఱకు దొరకదు. అమెరికాలో ఆ వారము మంగళవారముతో ప్రారంభమగును. దినచర్య యంతయు ఆ పంచాంగమును అనుసరింపవలసి వచ్చును. చందా నెలకొకసారి వసూలగునది గనుక, నెలనెలా మరల వచ్చునట్లు చేయుటయే సంస్థకు ముఖ్యము.

ఇక సహవాసమును గుఱించి చెప్పవలయును. ఈ చందాతో నిజముగా కొనునది అదియే. ఆడువారు 'గిల్డు' లను పేర సంఘములుగా ఏర్పడుదురు. నార్వే దేశమున మాట్స్ స్టీన్ అను యువకుడుండెను. 1989లో జన్మించిన అతనికి కండరములు క్రమముగా క్షీణించు డ్యూషెన్ వ్యాధి. చక్రముల కుర్చీకి పరిమితుడై, తన దినములలో పెద్ద భాగమును ఈ యాటలోనే గడపెను. తల్లిదండ్రులు మొదట దానికి హద్దులు పెట్టిచూచిరి. పిమ్మట జాలితో ఊరకుండిరి. 2014 నవంబరులో, ఇరువదియైదవ యేట, అతడు మరణించెను. తమ బిడ్డ స్నేహము నెఱుగక, ఎవరికిని ఉపయోగపడక పోయెనని వారు కుమిలిరి. అతడు అంతర్జాలమున వ్రాయుచుండిన పుటపై మరణవార్తను ప్రకటింపగా, పరిచయములేని మనుష్యులనుండి ఉత్తరములు వరుసగా రాసాగెను. ఆటలో 'ఇబెలిన్' అను పేర అతడు ఎందఱికో ఆప్తుడై యుండెను. తన కుమారునితో మాటలాడు దారి తోచక యుండిన ఒక తల్లికి ఆ దారి చూపినవాడతడే. గిల్డువారు కొందఱు ఇతర దేశములనుండి బయలుదేరి అంత్యక్రియలకు వచ్చిరి. అతని కథ 2024లో చలనచిత్రముగా వెలువడినది. ఆ చిత్రమును మా చెల్లెలును నేనును కలిసి చూచితిమి. ముగిసిన తరువాత ఆమె చాలసేపు మాటలాడలేదు.

మేనల్లుడు మఱునాడే దీనిని తన వాదమునకు సాక్ష్యముగా తెచ్చెను. "నాయనా, మాట్స్‌కు ఆ తలుపొక్కటియే తెఱచియుండెను. నీకు రెండు మంచి కాళ్లును, వీధి చివర ఆటస్థలమును, అచట నిన్ను పిలుచు బాలురును ఉన్నారు" అంటిని. వాడు కొంత ఆలోచించి, "వారు బాస్కెట్‌బాల్ మాత్రమే ఆడుదురు, మామయ్యా, నన్ను చివరనే ఎన్నుకొందురు" అనెను. దీనికి నావద్ద వెంటనే సమాధానము లేకపోయెను. పిల్లవాడు ఆటకొఱకు ఏడ్చుచున్నాడని మనమనుకొందుము. వాడు కోరునది తన్ను ఎన్నుకొను జట్టు కావచ్చును.

అపాయమును తక్కువ చేయను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరినుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో, ఆటలకు బానిసయగుట యొక వ్యాధిగా చేరినది. దానికి గుర్తులు ఇన్ని గంటలని వారు చెప్పలేదు. ఆటను అదుపులో నుంచుకొనలేకపోవుట, తక్కిన పనులన్నిటికంటె దానికే ప్రాధాన్యమిచ్చుట, కీడు కలుగుచున్నను మానకుండుట, ఇట్టి స్థితి సాధారణముగా పండ్రెండు మాసములు నిలుచుట చూడుమనిరి. చైనా ప్రభుత్వము 2021లో పదునెనిమిదేండ్లలోపు వారికి శుక్ర, శని, ఆదివారములును సెలవుదినములును మాత్రమే, రాత్రి ఎనిమిదినుండి తొమ్మిదివఱకు, ఆడుటకు అనుమతించినది. దక్షిణకొరియా 2011లో పదునాఱేండ్లలోపు వారిని అర్ధరాత్రినుండి ఆఱుగంటలవఱకు ఆడకుండ నిషేధించి, 2022 ప్రారంభమున ఆ నిషేధమును తానే తొలగించినది. గడియారమును ప్రభుత్వము చేతికిచ్చుటకంటె వంటయింటి గోడకు తగిలించుట మేలని నా యభిప్రాయము.

'ఉచితము' అని చెప్పుకొను ఆటలకంటె ఈ చందా ఆట నిజాయితీ గలదని కూడ ఒప్పుకొనవలయును. ఆ యుచితపు ఆటలలో కొన్నింట లోపల ఏమున్నదో తెలియని పెట్టెలను డబ్బిచ్చి తెఱచుచుందురు. 2018లో బెల్జియము దానిని జూదముగా పరిగణించినది. చందాలో వెల ముందే తెలియును. అయితే ఇచటను సమత పూర్తిగా నిలువలేదు. 2015నుండి సంస్థ 'టోకెన్' అను నొకదానిని అమ్ముచున్నది. ధనము గలవాడు ఇరువది డాలర్లకు దానిని కొని, ఆటలోని వేలముశాలలో ఆటబంగారమునకు అమ్మును. బంగారము గడించినవాడు దానిని కొని ముప్పది దినముల చందాగా వాడుకొనును. "అమ్మ ఒక్క డాలరును ఈయనక్కరలేదు, నేనే బంగారము గడించి కట్టుకొందును" అని మేనల్లుడు ఉపాయము చెప్పెను. దీనిని నేనే ముందు త్రోసివేసితిని. ఆడుటకు కావలసిన చందాకొఱకు గంటలకొలది ఆటలోనే మూలికలు కోయుచు, గనులు త్రవ్వుచు నుండుట కూలిపని గాని ఆట కాదు. అంతకంటె తల్లి చేతి పదునైదు డాలర్లే చౌక.

ఎంత చందా కట్టినను అందేదియు మన సొంతము కాదు. సంస్థల మధ్య ఒడంబడిక ముగియుటచేత 2023 జనవరిలో చైనాలో ఈ యాట నిలిచిపోయెను. అనేక సంవత్సరములు పెంచుకొనిన తమ పాత్రలను చైనావారు తిరిగి చూచినది 2024 ఆగష్టులో.

నన్ను ప్రశ్నించిన విద్యార్థులకు నా సమాధానమిది. పరీక్ష వ్రాయవలసిన సంవత్సరమున ఈ చందా తగదు. పదవ తరగతివారు నన్ను మరల అడుగవలదు. పండ్రెండువందల రూపాయలు మీ యింట ఎన్ని దినముల కూరగాయలో మీ యమ్మగారినడిగి తెలిసికొనిన పిమ్మటనే తక్కినవారు నోరు తెఱవవలయును. ఆమె ఫోనునుండి ఆమెకు తెలియకుండ చెల్లించుట దొంగతనము. స్తోమతు గలిగి, సెలవులుండి, ఒక స్నేహితుడో సోదరుడో కలిసి ఆడువాడుండినచో ఒక్క నెలకు కొనుట దండుగ కాదు. తగ్గింపుకాశపడి ఆఱునెలలకు మాత్రము కట్టవలదు. నెలకొకమారు "ఇంకను కావలయునా?" అని మిమ్ము మీరు ప్రశ్నించుకొను అవకాశమును రెండు డాలర్లకు అమ్ముకొనినట్లగును. తల్లిదండ్రులారా, వలదని చెప్పుటకు ముందు మీరొక సాయంకాలము ప్రక్కన కూర్చుండి చూడుడు. చూచిన పిమ్మటను వలదనిపించినచో నిస్సంకోచముగా వలదనుడు. కారణము తెలిసిన నిషేధమును పిల్లలు సహింతురు.

మేనల్లుని విషయమున నేను చెప్పిన తీర్పు ఇంతే: సెలవులలో నెలకు నెలగా కట్టవలయును, ఆడిన గంటలను వాడే క్యాలెండరుపై వ్రాయవలయును, బడి తెఱచిన నాడు చందా నిలుపవలయును. వాడు జూన్, జూలై మాసములు ఆడి, ఆగష్టులో అడుగకయే నిలిపివేసెను. నేను గర్వించితిని. అక్టోబరులో గిల్డువారు పిలుచుచున్నారని మరల మొదలుపెట్టెనట. వారమునకొక్క రాత్రి యని తల్లి యొప్పుకొనెను. మొన్న ఆమె ఫోనులో, "అన్నయ్యా, మార్కులకేమియు లోటు లేదు. కాని మంగళవారము భోజనమునకు పిలిచినచో, 'అమ్మా, పది నిమిషములు. ఇరువదిమంది నాకొఱకు నిలిచియున్నారు' అనును. పప్పు చల్లాఱిపోవుచున్నది. ఏమి చేయమందువు?" అని యడిగెను. మంగళవారములందు భోజనము ఎనిమిదిన్నరకు మార్చుమని చెప్పితిని. ఆమె ఇంకను ఒప్పుకొనలేదు.